కరువు నేల మీద సిగ్నల్: ఏ చిట్కా నిలుస్తుంది, ఏది తేలిపోతుంది

నెట్ నెమ్మదించిందనగానే తెలుగునాట ఎక్కడైనా వినిపించే సలహాలు ఒకటే. క్యాష్ తుడిచెయ్యండి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి, వెనకాల తెరిచి ఉన్న యాప్‌లు మూసెయ్యండి, డీఎన్‌ఎస్ మార్చండి, కుదిరితే 5జీ ఫోన్ కొనండి. పత్రికల సాంకేతిక శీర్షికల్లోనూ, యూట్యూబ్ వీడియోల్లోనూ, సెల్లు రిపేరు అంగళ్లలోనూ ఇవే తిరుగుతుంటాయి. వీటిలో చాలావాటి వెనక చెప్పకుండా వదిలేసిన ఊహ ఒకటుంది. కరెంటు నిలకడగా ఉంటుంది, టవర్ పక్క వీధిలోనే ఉంటుంది, ఫోన్ కొని రెండేళ్లకు మించలేదు, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో ఫోన్ ఉంది అన్నదే ఆ ఊహ. హైదరాబాదు అపార్ట్‌మెంటుకు అది సరిపోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మహాభాగ్యమనుకునే అనంతపురం పీఠభూమికి సరిపోదు. బోరులో నీళ్లే లేనప్పుడు మోటారు మార్చి ఏం లాభం? లోపం ఎక్కడుందో తెలియకుండా చిట్కాలు ప్రయోగించడమూ అలాంటిదే.

2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లా రెండుగా చీలి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా మారింది. ఈ వ్యాసంలో అనంత అంటే ఆ రెండూ కలిసిన నేల. ఇక్కడ ఫోను సినిమాలు చూసుకోవడానికే పరిమితం కాదు. భూమి రికార్డులైన అడంగల్, 1బీ కావాలంటే మీభూమి సైటు తెరవాలి. చెనక్కాయ విత్తినాక పంట పేరు ఈ-క్రాప్‌లో ఎక్కిందో లేదో చూసుకోవాలి. ఎక్కకపోతే బీమాకూ పరిహారానికీ తంటా వస్తుంది. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆనాడు హాజరు మస్టర్ కాగితం మీద పడేది. 2023 జనవరి 1 నుంచి దేశమంతటా పని ప్రదేశంలో ఎన్ఎంఎంఎస్ యాప్‌తో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు తీసి, సమయం, స్థలం గుర్తులతో ఎక్కించడం తప్పనిసరి చేశారు. దాంతో పలుగూ పారా పట్టుకున్న మనిషి కూలి కూడా సిగ్నల్‌కు ముడిపడింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఇంత బరువు మోస్తున్న ఫోనుకు ఏ సలహా నిజంగా పనికొస్తుందో, ఏది పనికిరాదో తూకం వేయడమే ఈ సమీక్ష ఉద్దేశం.

నెట్ వచ్చిన దారి

ఈ నేలకు నెట్ రెండు దారుల్లో వచ్చింది. మొదటిది గాలిలోంచి. 2016 సెప్టెంబర్ 5న జియో రాకతో డేటా ధర పడిపోయింది. మరుసటి ఏడు 1,500 రూపాయలు డిపాజిట్ కడితే చాలన్న జియోఫోన్ వచ్చి, బటన్ల ఫోనులోనే వీడియో ఆడింది. 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. 2025 సెప్టెంబర్ 27న బీఎస్ఎన్ఎల్ దేశీయ పరిజ్ఞానంతో 4జీని ప్రారంభించింది.

రెండో దారి తీగ. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్న మాట అందరినీ ఆకట్టుకుంది. ఆ ధర సాధ్యం కావడానికి ముఖ్య కారణం నేల తవ్వకపోవడం. సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఇంటిదాకా తెచ్చే పని ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లకు అప్పజెప్పారు.

ఈ చరిత్ర తెలిస్తే రోజువారీ సమస్యల్లో సగం అర్థమవుతాయి. ఫైబరూ కరెంటూ ఒకే స్తంభం మీద ఉన్నాయి కాబట్టి వేసవి గాలివానకు స్తంభం ఒరిగితే రెండూ ఒకేసారి పోతాయి. పశుగ్రాసం ఎత్తుగా వేసుకుని పోయే ట్రాక్టరు కిందికి వేలాడే తీగను తెంపిందంటే ఇంట్లో డబ్బాను ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా నెట్ రాదు. ఒక చిట్కా పనిచేస్తుందా లేదా అన్నది తెగిన చోటు ఇంట్లో ఉందా, బయట ఉందా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడి సలహాలను కరెంటు, సిగ్నల్, ఫోన్, బ్రౌజర్ అనే వరసలో చూడాలి. ముందు మెట్టు గట్టిగా లేనిదే తర్వాతి మెట్టు మీది చిట్కా నిలవదు.

కరెంటు, ఎండ, పిడుగు

ఫైబర్ ఉన్న ఇంటికి పెట్టుబడికి తగ్గ ఫలితమిచ్చే వస్తువు కొత్త రౌటర్ కాదు, రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్. ఇళ్లలో ఉండే ఫైబర్ డబ్బాలు చాలావరకు 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయే మినీ యూపీఎస్ కొంటే కరెంటు పోయినా నెట్ గంటల తరబడి నిలుస్తుంది, ఊళ్లో ఆపరేటర్ దగ్గర కూడా బ్యాకప్ ఉంటే. ఆ చివరి షరతు సలహాల్లో సాధారణంగా కనబడదు. ఆపరేటర్ గదిలో కరెంటు పోతే మీ యూపీఎస్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. కొనేముందు ఆయన్ను ఒక్క మాట అడగడం మంచిది.

డబ్బా మీద దీపాలు చదవడం నేర్చుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది. లాస్ అనే చోట ఎర్రలైటు వెలిగితే ఫైబర్‌లోంచి వెలుతురు రావడం లేదని అర్థం. తీగ వంగి నలిగిందేమో, ఎలుక కొరికిందేమో, డబ్బా వెనక పిన్ను వదులైందేమో చూడాలి. అవన్నీ బాగుంటే లోపం బయటే ఉంది, ఫోన్ చేసి చెప్పడమే దారి. ఎర్రలైటు లేకుండా నెట్ రాకపోతే అప్పుడు ఆపి ఆన్ చేయడంలో అర్థముంది. ఫైబర్ తీగను చిన్న చుట్టగా చుట్టి మేకుకు తగిలించడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. లోపలుండేది సన్నని గాజు పోగు. ఇరుగ్గా వంచితే వెలుతురు దారి తప్పి బయటికి పోతుంది.

పిడుగుల విషయంలో పాత తరం అలవాటే సరైనది. ఉరుములు మొదలైతే డబ్బా, టీవీ ప్లగ్గులు పూర్తిగా తీసెయ్యాలి. స్విచ్ ఆపితే చాలదు. సరైన ఎర్తింగ్ లేని ఇంట్లో స్పైక్‌గార్డ్ మీద పూర్తి భరోసా పెట్టకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ దగ్గరలో పడుతున్న పిడుగుల సమాచారం చూపిస్తుంది. చేనులో పనిచేసేవాళ్ల ఫోనులో ఉండదగ్గ యాప్ అది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ ఉరుములు ఉన్నట్టుండి లేస్తాయి.

ఇక ఎండ. ఫోన్ల తయారీదారులు సాధారణంగా 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటారు. అనంతలో వేసవి మధ్యాహ్నం 40 దాటడం మామూలే. లిథియం బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడే. రాత్రంతా చార్జింగ్ పెడితే ఫోన్ పేలుతుందన్న భయం కంటే, మిట్టమధ్యాహ్నం బైకు హ్యాండిల్‌కు తగిలించి మ్యాప్ చూస్తూ చార్జ్ చేయడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. ఎండలో స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెరుగుతుంది, జీపీఎస్ నడుస్తుంది, చార్జింగ్ వేడి తోడవుతుంది. ఫోన్ తనంతట తానే చార్జింగ్ ఆపేస్తే అది చెడిపోవడం కాదు, తనను కాపాడుకోవడం. అప్పుడు నీడకు తీసుకురావాలి, మందపాటి కవరు తీసెయ్యాలి. ఫ్రిజ్‌లో పెట్టమన్న సలహా మాత్రం ప్రమాదం. చల్లబడిన ఫోన్ బయటికి రాగానే లోపల తేమ పడుతుంది. బ్యాటరీని 20 నుంచి 80 శాతం మధ్య ఉంచమన్న మాట శాస్త్రప్రకారం సరైనదే అయినా, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఉన్నప్పుడే నిండా పెట్టుకోవడం తెలివైన పని. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తే మాత్రం ఆ రోజే వాడకం మానెయ్యాలి.

సిగ్నల్: పాయింట్లను నమ్మవచ్చా

ఫోను పైభాగంలో కనిపించే సిగ్నల్ పాయింట్లు ఒక్కో కంపెనీ ఫోనులో ఒక్కోలా లెక్కవుతాయి. మీ ఫోనులో మూడు, పక్కవాళ్ల ఫోనులో నాలుగు ఉన్నాయంటే వాళ్లది మెరుగని అర్థం కాదు. నిజమైన కొలత సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి చెప్పే భాగంలో సిమ్ స్టేటస్ దగ్గర దొరుకుతుంది. అక్కడ మైనస్ గుర్తుతో డీబీఎం అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 85 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 100 దగ్గర పర్వాలేదు, మైనస్ 115 దాటితే కష్టం. మిద్దె మీద, వసారాలో, చేను గట్టున ఈ అంకె చూసుకుంటే సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ఊహించాల్సిన పని ఉండదు. పాయింట్లు నిండా ఉండి నెట్ మాత్రం కదలకపోతే లోపం చాలాసార్లు దూరంలో కాదు, టవర్ మీద రద్దీలో ఉంటుంది. రాత్రి ఏడు నుంచి పది దాకా ఊరంతా ఒకే టవర్ మీద వీడియోలు చూస్తున్నప్పుడు ఏ చిట్కా పెద్దగా పనిచేయదు. పెద్ద డౌన్‌లోడ్లు తెల్లవారుజామున పెట్టుకోవడమే మేలు.

విమానం గుర్తు నొక్కి తీయమన్న సలహా నిలిచేదే. ఫోన్ పాత టవర్‌ను వదిలి మళ్లీ వెతుక్కుంటుంది. గుట్టల మధ్య ప్రయాణించాక ఇది ముఖ్యంగా ఉపయోగం. 5జీ ఫోన్ కొంటే నెట్ బాగుపడుతుందన్నది మాత్రం ఇక్కడ సగమే నిజం. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు తక్కువ దూరం పోతాయి, గోడలను తక్కువగా దాటుతాయి. ఊరికి దూరంగా ఉన్న 5జీ టవర్‌ను పట్టుకోవడానికి ఫోన్ పడే యాతనలో బ్యాటరీ కరిగిపోతుంది. అలాంటిచోట సెట్టింగ్స్‌లో 4జీకి పరిమితం చేస్తే ఫోనూ చల్లబడుతుంది, కాల్సూ తెగవు.

బండలు పరిచిన మిద్దెల్లో, స్లాబు ఇళ్లలో సిగ్నల్ లోపలికి రాదు. ఇంట్లో ఫైబర్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవడమే దీనికి సరైన మందు. అదనపు ఖర్చు లేదు, అయినా చాలామంది ఫోనుల్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. వెబ్‌సైట్లలో అమ్మే సిగ్నల్ బూస్టర్ల జోలికి పోవద్దు. అనుమతి లేని బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం, పైగా ఊళ్లో మిగిలినవాళ్ల సిగ్నల్‌ను పాడుచేస్తుంది. ఫోన్ వెనక అంటించే స్టిక్కర్లు ఉత్త మోసం. ఇంట్లో వైఫైకి రెండు పేర్లు కనబడితే దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్, డబ్బా ఉన్న గదిలో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోవాలి. డబ్బాను ఇనుప బీరువా వెనక దాచకూడదు.

సరిహద్దు మండలాలకు ఒక ప్రత్యేక చిక్కుంది. మడకశిర, అమరాపురం, అగళి, రొళ్ల వైపు నేల కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. రాయదుర్గం, డి.హిరేహాళ్ వైపు బళ్లారి దగ్గర. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఒక సర్కిల్, కర్ణాటక మరొకటి. ఇంట్లో కూర్చున్న ఫోన్ కూడా అవతలి టవర్‌ను పట్టుకుని రోమింగ్‌లోకి పోవచ్చు. డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే పాయింట్లు కనబడుతూనే నెట్ ఆగిపోతుంది. దేశంలోపల మామూలు ప్లాన్లకు రోమింగ్ అదనపు ఖర్చు లేదు కాబట్టి అక్కడ దాన్ని ఆన్‌లో ఉంచడమే మంచిది. బెంగళూరుకు కూలికీ, ఉద్యోగానికీ పోయేవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

బోరు దగ్గర పెట్టుకునే మొబైల్ స్టార్టర్ సంగతి పట్టణపు చిట్కాల జాబితాలో కనబడదు. కిలోమీటర్ల దూరం నుంచి ఫోన్ చేసి మోటారు ఆన్ చేసుకునే ఈ పెట్టెల్లో పాత రకానివి 2జీ మీదే పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు. ఆ సిమ్ వేస్తే పాత స్టార్టర్ పలకదు. కొనేటప్పుడే అది 2జీనా 4జీనా అని అడిగి, బోరు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ వస్తుందో చూసి సిమ్ వేయాలి. మరొక జాగ్రత్త కూడా ఉంది. 90 రోజులు కాలూ, మెసేజీ, డేటా ఏదీ వాడని సిమ్‌ను కంపెనీలు ఆపేయవచ్చు. ప్రీపెయిడ్ సిమ్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే దాన్ని తగ్గించుకుని నంబరు నిలబెట్టే పద్ధతి ఉంది. నీళ్లు లేక మోటారు కొన్ని నెలలు ఆగిన ఏడాదిలో స్టార్టర్ సిమ్ కూడా చచ్చిపోయే ప్రమాదముంది. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డేటా లేకుండా కాల్స్, మెసేజీలకు మాత్రమే వర్తించే ప్యాక్‌లు తప్పనిసరి చేసింది. స్టార్టర్ సిమ్‌కూ, బటన్ ఫోన్ వాడే పెద్దవాళ్లకూ అవి సరిపోతాయి.

కంపెనీ మారాలనుకుంటే ఎవరి మాటా వినక్కర్లేదు. మీ ఇంట్లో, మీ చేనులో బంధువుల సిమ్ వేసి ఒక పూట చూడడం కంటే మంచి పరీక్ష లేదు. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది, వాటినీ చూడవచ్చు. నంబరు మార్చకుండా కంపెనీ మారడానికి 1900కు పోర్ట్ అని రాసి, పక్కనే మీ నంబరు చేర్చి మెసేజీ పంపి, వచ్చిన కోడ్ కొత్త కంపెనీకి ఇస్తే అదే సర్కిల్‌లో మూడు పనిదినాల్లో అవుతుంది. సాయంత్రానికల్లా నెట్ పాకుతోందంటే మాత్రం సిమ్ మార్చకముందు రోజు కోటా చూసుకోవాలి. చాలా ప్లాన్లలో అది అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. టెలికాం శాఖ నిర్వచనం ప్రకారం 2023 నుంచి ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. 64 కేబీపీఎస్ అందులో సుమారు ముప్పయ్యో వంతు. మాటిమాటికీ స్పీడ్ టెస్ట్ చేయడం వల్ల కూడా ఆ కోటా త్వరగా ఖర్చవుతుంది.

ఫోను: తుడిచెయ్యకూడనిది ఏది

ర్యామ్ పెంచుతామనే క్లీనర్ యాప్‌ల గురించి ఒక్క మాట చాలు, తీసెయ్యండి. వెనకాల ఉన్న యాప్‌లను పదేపదే మూయడం కూడా పెద్దగా ఉపయోగం లేనిదే. మూసిన యాప్‌ను మళ్లీ మొదటినుంచి తెరవడానికి ఫోన్ ఎక్కువ శ్రమ పడుతుంది. ఫోన్ నిజంగా నత్తనడక నడవడానికి అసలు కారణం సాధారణంగా నిండిపోయిన స్టోరేజీ. దాన్ని నింపేది వాట్సాప్ గ్రూపుల్లో తెల్లవారగానే వచ్చే శుభోదయాలు, వీడియోలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజీ అండ్ డేటాకు పోయి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపితే రోజు కోటా, స్టోరేజీ రెండూ మిగులుతాయి. అనంతలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే సెట్టింగ్ ఇదే అనిపిస్తుంది.

క్యాష్ తుడవమన్న చిట్కా దగ్గర చాలా జాగ్రత్త కావాలి. యాప్ సమాచారంలో రెండు బటన్లుంటాయి. క్యాష్ తుడిస్తే తాత్కాలిక ఫైళ్లు పోతాయి, నష్టం లేదు. పక్కనున్న డేటా లేదా స్టోరేజీ తుడిస్తే లాగిన్ పోతుంది, ఫోన్లోనే ఉండిపోయిన సమాచారం కూడా పోతుంది. సిగ్నల్ లేనిచోట తీసిన ఫొటోలను ఎన్ఎంఎంఎస్ యాప్ ఫోనులో ఉంచుకుని సిగ్నల్ వచ్చాక పంపే వీలుంది. ఇంకా పంపని స్థితిలో, హాజరు తీసే మేట్ ఆ రెండో బటన్ నొక్కితే ఆనాటి హాజరు పోవచ్చు. హైదరాబాదులో హానిలేని సలహా బండ్లపల్లిలో కూలికే ముప్పు తెచ్చే తీరుకు ఇది మంచి ఉదాహరణ. పనిచోట ఫొటో తీసి, సిగ్నల్ ఉన్నచోట పంపిందాకా ఆ యాప్‌ను తుడవకూడదు, తీసెయ్యకూడదు, ఫోన్ రీసెట్ చేయకూడదు.

అప్‌డేట్లు డేటా తింటాయని ఆపేసుకునేవాళ్లు చాలామంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిదిద్దింది. మన లిపే మన ఫోన్‌ను ఆపగలిగిందంటే అప్‌డేట్ విలువ వేరే చెప్పనక్కర్లేదు. కాకపోతే వాటిని వైఫై ఉన్నప్పుడే వచ్చేలా పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 10 కంటే పాతవాటికి క్రోమ్ కొత్త అప్‌డేట్లు ఆగిపోయాయి. అలాంటి ఫోన్ మాటలకు పనికొస్తుంది, బ్యాంకు పనికి కాదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు *#06# నొక్కి వచ్చిన ఐఎంఈఐ నంబరును కేవైఎం అక్షరాల తర్వాత రాసి 14422కు మెసేజీ పంపితే ఆ ఫోన్ వివరం వస్తుంది. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. పోయిన ఫోన్ల ఫిర్యాదులకు అనంతపురం పోలీసులు 2022లోనే వాట్సాప్ చాట్‌బాట్ నడిపారు.

బ్రౌజర్: సర్కారీ పేజీ ఎందుకు తెరుచుకోదు

ఎంతకూ తెరుచుకోని పేజీకి మొదట చూడాల్సింది ఫోన్‌లో తేదీ. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంటే మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదన్న హెచ్చరిక వస్తుంది. వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలకు గడువు తేదీలుంటాయి, ఫోన్ వాటిని తన గడియారంతోనే పోల్చుకుంటుంది. తేదీని ఆటోమేటిక్‌గా పెడితే సరిపోతుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పత్రాలను ధ్రువీకరించే మూల జాబితాకే కాలం చెల్లుతుంది. అప్పుడు తేదీ సరిగా ఉన్నా కొన్ని సైట్లు తెరుచుకోవు.

మీభూమి లాంటి చోట అడంగల్ కొత్త కిటికీలో తెరుచుకోవాల్సి వస్తే, పాపప్‌లను ఆపే సెట్టింగ్ దాన్ని అడ్డుకుంటుంది. ఆ ఒక్క సైటుకు అనుమతి ఇవ్వాలి. ఫోనులో సరిగా కనబడకపోతే క్రోమ్ మెనూలో డెస్క్‌టాప్ సైట్ ఎంచుకోవాలి. అందరూ పనివేళల్లోనే ఎగబడతారు కాబట్టి తెల్లవారుజామున ప్రయత్నిస్తే మేలు. డీఎన్ఎస్ మార్చమన్న సలహా ఏదో ఒక సైటు పేరు దొరకనప్పుడు పనికొస్తుంది. దానివల్ల తీగ వెడల్పు కాదు, వేగం పెరగదు.

క్రోమ్‌లో ఒకప్పుడు డేటా ఆదా చేసే లైట్ మోడ్ ఉండేది. గూగుల్ 2022లో దాన్ని ఎత్తేసింది. పాత వ్యాసాలు ఇంకా దాన్నే చెబుతున్నాయి. ఒపెరా మినీ పేజీలను తన సర్వర్లో కుదించి పంపుతుంది, డేటా నిజంగానే మిగులుతుంది. వార్తలు చదవడానికి మంచిదే. కానీ ఎక్కువగా కుదించే మోడ్‌లో పేజీ ఆ సర్వర్ దగ్గర విప్పబడుతుంది కాబట్టి బ్యాంకు పనికి వాడకూడదు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేసుకుంటే ప్రకటనల బరువు తగ్గి పేజీలు తేలికగా తెరుచుకుంటాయి. బలహీనమైన సిగ్నల్ ఉన్నచోట ఇది విలాసం అనిపించుకోదు. నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగే ప్రతి సైటుకూ అలవ్ నొక్కడం వల్లే ఫోనులో లాటరీ ప్రకటనలు కురుస్తుంటాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ జాబితాను ఒకసారి ఖాళీ చేయాలి.

ఇన్‌కాగ్నిటో మోడ్ నెట్ కంపెనీ నుంచి గానీ, సైటు నుంచి గానీ మిమ్మల్ని దాచదు. దాని అసలు ఉపయోగం ఒక్క ఫోనే ఉన్న ఇంట్లో, నెట్ సెంటర్లో ఉంది. అక్కడ లాగిన్ అయ్యి కిటికీ మూస్తే వివరాలు ఆ పరికరంలో మిగలవు. తాళం గుర్తు ఉంటే అసలు సైటేనన్న నమ్మకానికి కాలం చెల్లింది. మోసగాళ్ల సైట్లకూ ఆ గుర్తు దొరుకుతుంది. క్రోమ్ 2023లో తాళం బొమ్మనే తీసేసింది. సైటు పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉందా అని చూడడం అంతకంటే గట్టి పరీక్ష. మన మిత్రకు 95523 00009 ఒక్కటే నంబరు. దాన్ని పేరుతో సేవ్ చేసుకుంటే నకిలీ నంబర్ల బెడద తప్పుతుంది. టైపింగ్ ఇబ్బందైన పెద్దవాళ్లకు గూగుల్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడే వీలు 2017 నుంచీ ఉంది.

మోసం దగ్గర చిట్కా ఒక్కటే

పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ అనే పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కకూడదు. ప్రభుత్వం ఏ యాప్‌నూ అలా పంపదు. పొరపాటున వేసుకుంటే వెంటనే విమానం గుర్తు నొక్కి నెట్ తెంపాలి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కీ చెప్పాలి. మొదటి గంటలో చెప్పిన ఫిర్యాదుకే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. వేలిముద్రతో డబ్బు తీసుకునే ఊళ్లలో మరో జాగ్రత్త కావాలి. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఏపీ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు చేసి ఖాతాలు ఖాళీ చేసింది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుని, అవసరమైన రోజే తెరుచుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

తూకం

వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే అనంతకు సరిపోయే వరస కనబడుతుంది. ఏ తంటా వచ్చినా ముందు దీపాలు, చార్జింగ్ చూడాలి. తర్వాత డీబీఎం అంకె, రోజు కోటా. ఆ తర్వాత స్టోరేజీ, తేదీ. చివరికే బ్రౌజర్, డీఎన్ఎస్, కొత్త ఫోన్. పట్టణపు సలహాలు ఈ వరసను చాలావరకు తలకిందులు చేస్తాయి, అందుకే డబ్బు ఖర్చయ్యాక కూడా నెట్ కదలదు. ఇంటివాళ్ల చేతిలో ఉన్న చిట్కాల్లో నిలిచేవి ఖర్చు లేనివో, తక్కువ ఖర్చువో. మినీ యూపీఎస్, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ ఆపడం, వైఫై కాలింగ్, సరిహద్దులో డేటా రోమింగ్, స్టార్టర్‌కు తగిన సిమ్ అలాంటివే. తేలిపోయేవి బూస్టర్లు, క్లీనర్లు, తొందరపడి కొన్న 5జీ ఫోన్లు.

అయితే చిట్కాలకు ఒక హద్దుంది. హాజరు, అడంగల్, పంట నమోదు అన్నిటినీ ఫోనులోకి తెచ్చిన శాఖలు, వాటిని బలహీనమైన సిగ్నల్‌కు తగినట్టు కట్టాల్సిన బాధ్యతను కూలీ మీదికీ రైతు మీదికీ నెట్టకూడదు. పేజీ తేలిగ్గా ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు పని ఫోనులో భద్రంగా ఆగి, అది వెళ్లిందో లేదో స్పష్టంగా తెలుగులో చెప్పాలి. పని ముగిసినట్టు మామూలు మెసేజీ రావాలి. సిగ్నల్ అందలేదన్న కారణంతో కూలి కోత పడినప్పుడు కాగితం మస్టర్‌ను సాక్ష్యంగా ఒప్పుకోవాలి. మండలంలో ఏ ఊరికి ఏ కంపెనీ సిగ్నల్ అందడం లేదో గ్రామ సచివాలయాలకు తెలుసు. ఆ జాబితాను ట్రాయ్‌కీ, కంపెనీలకూ ఏటా పంపే పని వాటికి అప్పజెప్పడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వాన లెక్క మండలాలవారీగా తీసే ప్రభుత్వానికి సిగ్నల్ లెక్క తీయడం కష్టం కాదు. ఆ లెక్క గోడ మీద అంటించిన రోజు, నెట్ రాని ఇంట్లో తప్పు ఫోనుదా, కంపెనీదా అన్న వాదన సచివాలయం దగ్గరే తేలుతుంది.